తొట్టెలకు తెచ్చిన కడ్డీలు

మా బావ చనిపోయిన రోజు నేను తుక్కు దుకాణం ఆయన పళ్ళు రెండు ఊడగొట్టాను. పట్టపగలు, గోదావరిఖనిలో నడిరోడ్డు మీద, పది మంది చూస్తుండగా. కాలర్ పట్టి బయటికి గుంజి ముందు చెంప మీద, తర్వాత పిడికిలితో నోటి మీద కొట్టాను. ఆయన చెయ్యి ఎత్తలేదు. నెత్తురు ఉమ్మేసి, "మంట పెట్టొద్దని చెప్పిన గదన్నా" అన్నాడు మెల్లగా. ఆ మాట ఇంకెవరి చెవినా పడకూడదని మళ్ళీ కొట్టాను.

నేను అక్కడే గని వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. బావ, అంటే మా అక్క మొగుడు, గోదావరి అవతల నస్పూర్‌లో ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకుని గ్యాస్ వెల్డింగ్ చేసేవాడు. ఆ వానాకాలం నాకు బిడ్డ పుట్టింది. మా దిక్కు ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేస్తారు. వేయాల్సింది మేనత్త. చెవిలో మొదట పేరు పిలవాల్సిందీ మేనత్తే. అక్క అప్పటికే పేరు ఎంచి పెట్టుకుంది, ఎవరు అడిగినా చెప్పలేదు. తొట్టెల బజారులో కొంటానంటే బావ ఒప్పుకోలేదు.

"నేనుండంగ కొన్న తొట్టెలేంది బామ్మర్ది? నువ్వు ఇనుము తే, మిగిలింది నేను చూసుకుంట" అన్నాడు.

తుక్కు దుకాణంలో ఆ కడ్డీలు కనిపించాయి. ఎక్కడిదో పాత యంత్రం విప్పితే వచ్చినవి. వేలెడు మందం, బంగారు రంగు మెరుపు. ఏండ్ల తరబడి వానలో పడి ఉన్నా ఒక్క తుప్పు చుక్క లేదు. నాకు తెగ నచ్చాయి. కట్ట కడుతూ దుకాణం ఆయన చెప్పాడు: "అన్నా, వీటికి కాడ్మియం పూత ఉన్నది. బోల్టులు బిగించుకో గని, మంట పెట్టకు. ఆ పొగ మంచిది కాదు." నేను విన్నాను, బాగానే విన్నాను. రోజూ పొగలో బతికేవాళ్ళం, వీడొకడు మాకు నేర్పొచ్చాడు అనుకున్నాను.

ఎందుకట్లా అనుకున్నానో చెప్పాలి. మా పనివాళ్ళకు ఒక అలవాటు ఉంది. జస్తు, అంటే జింకు, పూత వేసిన ఇనుము మీద మంట పెడితే తెల్లటి పొగ లేస్తుంది. సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది, నోరు చేదవుతుంది. బెల్లం ముక్క తిని దుప్పటి కప్పుకుంటే పొద్దుటికల్లా దిగిపోతుంది. గాల్వనైజ్ జ్వరం అంటాం దాన్ని. దానికోసం దవాఖానకు పోయినవాణ్ణి నెల రోజులు ఆటపట్టిస్తాం. నేనూ పట్టించాను ఎందరినో.

తొట్టెల పని పెట్టిన రోజు ఒకటే వాన. గాలికి మంట నిలవడం లేదు.

"వాన ఎలిసినంక చేద్దాం తియ్యి" అన్నాడు బావ.

"నాకు రెండో షిఫ్టు డ్యూటీ ఉన్నది బావా, జల్ది కానియ్యి" అని షెడ్డు తలుపు నేనే మూశాను.

పొగ లేచింది. తెల్లగా లేదు, మట్టి కలిసిన పసుపు రంగులో ఉంది. బావ మంట పక్కకు తిప్పి అడిగాడు: "ఏంది, పొగ గిట్ల పచ్చగున్నది?"

"నూనె అంటి ఉంటది. ఫికర్ చెయ్యకు" అన్నాను. అని ఇంట్లోకి పోయి అక్క పెట్టిన అన్నం తిన్నాను. తిరిగొచ్చేసరికి తొట్టెల తయారైంది. బావ దగ్గుతున్నాడు, నవ్వుతున్నాడు. ఒక్క చేత్తో తొట్టెలను ఊపి చూపించాడు.

మర్నాడు పొద్దున అక్క ఫోన్ చేస్తే పోయాను. బావ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "రొమ్ము మీద ఎవరో ఎక్కి తొక్కుతున్నట్టున్నది" అన్నాడు. దుకాణం ఆయన మాట నా గొంతు దాకా వచ్చింది. చెబితే అక్క ఊరుకుంటుందా? "ఇంత దానికే గట్లయితే ఎట్ల బావా? గాల్వనైజ్ జ్వరమే అక్కా, బెల్లం పెట్టు" అన్నాను. అక్క బెల్లం కొట్టి తన చేత్తో ఆయన నోట్లో పెట్టింది. నన్ను నమ్మి ఆ రోజంతా పెడుతూనే ఉంది.

మూడో రోజుకు పెదవులు నల్లబడ్డాయి. నోట్లోంచి ఎర్రటి నురగ వచ్చింది. మంచిర్యాల దవాఖానకు ఆటోలో తీసుకుపోతుంటే గాలి అందక కాళ్ళతో తన్నాడు, నా చొక్కా చింపాడు, నా మెడ మీద గోళ్ళు దింపాడు. అంత మెత్తటి మనిషి. ఏ ఇనుము మీద మంట పెట్టాడని డాక్టర్ అడిగాడు. అక్క పక్కనే ఉంది.

"మామూలు గాల్వనైజే సార్" అన్నాను.

మర్నాడు డాక్టర్ నన్ను ఒక్కణ్ణే వరండాలోకి పిలిచాడు. "జస్తు ఊపిరితిత్తులను ఇట్లా కాల్చదు. నిజం చెప్పు" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఆయన అన్నాడు, "మొదటి రోజే తెచ్చి ఈ మాట చెప్పుంటే పెద్ద దవాఖానకు పంపేవాణ్ణి. బతికేవాడని చెప్పలేను. బతికించే ప్రయత్నం మాత్రం జరిగేది."

కాడ్మియం గురించి ఆయనే చెప్పాడు. ఇనుముకు తుప్పు పట్టనియ్యదట, అందుకే విమానాల బోల్టులకు కూడా పూస్తారట. చార్జింగ్ బ్యాటరీల్లో వాడతారు. మంచి పసుపు రంగులో, ఎరుపు రంగులో కలుపుతారు. కొంచెం కొంచెంగా ఒంట్లో చేరితే కిడ్నీలను, ఎముకలను తినేస్తుంది. పొగగా పీలిస్తే అంత ఆలస్యం కూడా చెయ్యదు. వింటుంటే ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలిసి కూడా ఇంకొకరి మీదికి పోయాను.

ఐదో రోజు మధ్యాహ్నం బావ పోయాడు. గొట్టాలు పీకేస్తున్నాడని చేతులు మంచానికి కట్టేశారు. ఆఖరి దాకా ఆ కట్లు గుంజుతూనే ఉన్నాడు. బయటికొచ్చి నేను చేసిన మొదటి పని మొదట్లో చెప్పాను కదా, అదే. దుకాణం ఆయన కేసు పెట్టలేదు. ఇప్పటికీ ఆ దారిలో నేను ఎదురైతే ఆయనే తల దించుకుంటాడు.

దినాలు కాకముందే సమ్మెట తీసుకుని తొట్టెల మీద పడ్డాను. చేతులు పగిలేదాకా కొట్టాను. కడ్డీలు వంగాయి. బావ వేసిన అతుకు ఒక్కటి కూడా ఊడలేదు.

నెల మాసికం నాడు అక్కకు అంతా చెప్పాను. షెడ్డులో మిగిలిన కడ్డీ ముక్క అందుకుని కొట్టింది. అరవలేదు, ఏడవలేదు, కొట్టింది. నా ముంజేతి ఎముక విరిగింది. అలిసిపోయి కింద కూలబడి అప్పుడు అన్నది: "బెల్లం నా చేతులతోని పెట్టిపిచ్చినవ్ గదరా."

నా బిడ్డకిప్పుడు నాలుగేండ్లు. అంగన్‌వాడీలో రాయించడానికి ఏదో ఒక పేరు నేనే పెట్టాను. అక్క ఎంచిన పేరేమిటో ఈ రోజుకీ మాకు తెలియదు. బిడ్డను తీసుకుపోతే వద్దనదు. అన్నం తినిపిస్తుంది, జడ వేస్తుంది. పేరు పెట్టి మాత్రం పిలవదు.

పోయిన నెల నా బిడ్డ అడగనే అడిగింది: "అత్తమ్మా, అందరు నన్ను పేరుతోని పిలుస్తరు, నువ్వెందుకు పిలువవు?"

అక్క జడ వేయడం ఆపలేదు. "మీ నాయినను అడుగు బిడ్డా" అన్నది.

బండి మీద గోదావరి వంతెన దాటేదాకా అడుగుతూనే ఉంది. గాలికి వినబడనట్టు ఊరుకున్నాను. ఇంటికొచ్చి బండి ఆపాక మళ్ళీ అడిగింది.