ఎర్రపెన్నక్క దిద్దిన ‘ఇల్లులు’

మా విశ్వవిద్యాలయంలో పుట్టే ప్రతి సిద్ధాంత గ్రంథం మొదట నా బల్ల మీదికే వస్తుంది. గ్రంథాలయం కింది అంతస్తులో, మెట్ల పక్క గదిలో, పద్దెనిమిదేళ్ళుగా నా పని ఒకటే. అంచులు కొలవడం, పుటల సంఖ్యలు చూడటం, అయిదు ప్రతులూ ఒకేలా ఉంటే ‘పరిశీలించడమైనది’ అని ముద్ర కొట్టడం. లోపల ఏం రాశారన్నది నాకు అనవసరం. అయినా ఊరుకోలేక ఒక్కో దాంట్లో ఒక్కో పుట చదువుతుంటాను. దోమలు పక్కవాణ్ణి వదిలి మనల్నే ఎందుకు కుడతాయో, వంతెనలో పగులును చప్పుడు విని ఎలా పసిగట్టాలో, వరసలో నిలబడ్డవాడికి పక్క వరసే త్వరగా కదులుతున్నట్టు ఎందుకనిపిస్తుందో, అరటి తొక్కల పొడితో నీళ్ళెలా వడగట్టాలో నాకు తెలుసు. ఒక్క పుట మేరకే తెలుసు. ఆ మాత్రానికే ఇంట్లో గొప్పలు పోతుంటాను.

వాటిని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివిన మనిషి ఒకరున్నారు. ఆవిడ ఆచార్యురాలేం కాదు. పక్కగేటు ఎదురుగా, జిరాక్సు యంత్రాల సందులో, రెండు కంప్యూటర్లు పట్టే ఇరుకు గదిలో టైపు చేస్తారు. విద్యార్థులందరికీ ఆవిడ ఎర్రపెన్నక్క. వయసులో నాలుగేళ్ళు పెద్దవాణ్ణయినా నేనూ అక్కా అనే పిలుస్తాను, ఆవిడ నన్ను అన్నయ్యా అంటారు. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకోవాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

రాతప్రతి చేతికి రాగానే ఆవిడ కీబోర్డు ముట్టుకోరు. ముందు ఎర్రపెన్ను పట్టుకుని కళ్ళల్లో ఒత్తులేసుకుని అంతా చదువుతారు. తప్పున్న చోటల్లా దిద్దుతారు. ఆ తర్వాతే టైపు. తన చదువు ఇంటరు సగంలోనే ఆగిపోయింది. కానీ చరిత్ర శాఖ కుర్రాడి గ్రంథంలో ఒక రాజు తాను పోయిన పదకొండేళ్ళకు శాసనం వేయించినట్టుందని పట్టుకున్నది ఆవిడే. "మీ రాజుగారు పైనుంచి సంతకం పెట్టి పంపారా నాయనా?" అని అడిగారట. ఆ కుర్రాడి పర్యవేక్షకుడు అప్పటికే దాన్ని రెండుసార్లు చదివి బాగుందన్నాడు. రసాయనశాస్త్రంలో ఒకసారి ఒక సున్నా ఎగిరిపోతే అదీ ఆవిడ కంటికే చిక్కింది. అక్క చేతి మీదుగా వెళితే తప్పుండదని అన్ని శాఖల్లోనూ అనుకునేవారు. ఆవిడా అలాగే అనుకునేవారు. వచ్చిన చిక్కల్లా అదే.

ఆవిడ భర్త విశ్వవిద్యాలయం బస్సు డ్రైవరు. రెండు ట్రిప్పుల మధ్య నా గదిలో కూర్చుని టీ తాగిపోతాడు. "మా ఇంట్లో నూట ముప్ఫై డాక్టరేట్లున్నాయి, పట్టా మాత్రం ఒక్కటీ లేదు" అంటుంటాడు. "కూర మాడిందనుకో, ఏ వేడి దగ్గర మాడుతుందో వివరంగా చెబుతుంది. తాను మాడ్చానని మాత్రం చచ్చినా అనదు."

రెండేళ్ళ కిందట భాషాశాస్త్రం నుంచి ఒక అమ్మాయి ఆవిడ దగ్గరికొచ్చింది. చిన్నపిల్లలు మాటలెలా నేర్చుకుంటారన్నది ఆ అమ్మాయి పరిశోధన. శిశుసంరక్షణ కేంద్రాల్లో నేల మీద కూర్చుని రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు అన్న మాటలన్నీ అయిదేళ్ళపాటు నోటుపుస్తకాల్లో రాసుకుంది. ఆమెకు కావలసినవి వాళ్ళ తప్పులే. మూడేళ్ళ పిల్లవాడు ‘ఇల్లులు’ అంటాడు, ‘పుస్తకంలు’ అంటాడు. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ అలా అనరు. అంటే ఎవరి దగ్గరో విని అప్పజెప్పడం కాదు, చివర ‘లు’ చేరిస్తే ఎక్కువవుతాయని వాడంతట వాడే కనిపెట్టాడన్నమాట. మనం తప్పనుకునేదే వాడి బుర్ర పనిచేస్తోందనడానికి సాక్ష్యం. ఆ అమ్మాయి వాదనంతా దాని మీదే నిలబడింది.

అప్పటికే ఒకసారి గడువు పొడిగించారు. ఇక పొడిగించేది లేదన్నారు. చివరి తేదీకి నాలుగు రోజుల ముందు, ఉదాహరణలుగా చేర్చాల్సిన మాటలున్న ఆరు నోటుపుస్తకాలు ఆమె తెచ్చి అక్క బల్ల మీద పెట్టింది.

"ఉన్నదున్నట్టు కొట్టండక్కా, ప్లీజ్."

"అలాగేలేమ్మా" అన్నారు అక్క. టైపుకిచ్చే ప్రతివాళ్ళూ అనే మాటే అది.

పుస్తకం తెరవగానే ఆవిడకు జాలేసింది. పాపం, ఇంత చదువుకుంది, బహువచనం రాదు. అవి పిల్లల మాటలని ఆవిడకు తెలుసు. కానీ అచ్చులోకి వచ్చాక పిల్లలైనా సరిగ్గా మాట్లాడాలని ఆవిడ నమ్మకం. ఎర్రపెన్ను పరిగెత్తింది. ‘ఇల్లులు’ ఇళ్ళయ్యాయి, ‘కాలులు’ కాళ్ళయ్యాయి, ‘తేశాను’ తెచ్చానైంది. అధ్యాయాలు మాత్రం ఆ అమ్మాయి తానే టైపు చేసుకుని ఆఖరి రోజు పెన్‌డ్రైవులో తెచ్చింది. చదివే వ్యవధి లేదు. ఆవిడ అన్నీ ఒకచోట చేర్చి, అవే తప్పులు ఎక్కడున్నా మార్చేయమని కంప్యూటరుకు చెప్పేశారు. ఇన్నేళ్ళలో ఆవిడ చదవకుండా దిద్దిన గ్రంథం అదొక్కటే.

ఆ అమ్మాయి పట్టికలు సరిచూసుకుంది, ఉదాహరణలు చూడలేదు. అవి ఆమెకు కంఠతా వచ్చు. సాయంత్రం నాలుగున్నరకు అయిదు ప్రతులూ మోసుకుని, ఆయాసపడుతూ నా గదికి వచ్చింది. అలవాటు కొద్దీ మధ్యలో ఒక పుట తెరిచాను. "‘పుస్తకాలు’ అనే ఈ తప్పు రూపాన్ని పిల్లవాడు ఎవరి దగ్గరా విని ఉండడు" అని ఉంది. రెండోసారి చదివాను. లోపల్లోపల నవ్వుకున్నాను కూడా. అంచులు సరిగ్గా ఉన్నాయి. ముద్ర కొట్టాను.

రెండు నెలలకు పరీక్షకుడి నివేదిక వచ్చింది. "ఈ పిల్లలు నాకన్నా శుద్ధంగా మాట్లాడుతున్నారు. పట్టికలో వెయ్యిన్నూట నలభై తప్పులు లెక్కవేశారు, ఉదాహరణల్లో ఒక్కటీ లేదు. లెక్కలు కల్పించినవేమోనని అనుమానించవలసి వస్తోంది." కల్పించారన్న మాట ఒకసారి మీద పడితే పరిశోధకులకు ఇక పట్టా లేదు, ఉద్యోగమూ లేదు. వారంలో కమిటీ ముందు సంజాయిషీ ఇమ్మన్నారు.

ఆ అమ్మాయి పరుగున దుకాణానికి వెళ్ళింది. నోటుపుస్తకాలు ఇంకా అక్క బీరువాలోనే ఉన్నాయి.

"అక్కా, నేను రాసింది మీరేమైనా మార్చారా?"

"వెతికి చూడాలమ్మా" అన్నారు అక్క. "కమిటీ రోజులోగా చెబుతాను."

వెతకడానికేం లేదు. ఆ అమ్మాయి సందు దాటకముందే అక్క బీరువా తెరిచారు. ఆరు పుస్తకాల్లోనూ, ప్రతి పుటలోనూ ఎర్ర సిరా. ఆ సంగతి మర్నాడు భర్తే నాకు చెప్పాడు.

"ఆ పిల్ల సరిచూసుకోవాలి కదా, ఇదంతా నువ్వెందుకు నెత్తినేసుకుంటావు? పుస్తకాలు కనబడలేదని చెప్పెయ్ అన్నాను."

"ఏమందావిడ?"

"అన్నం తినలేదు" అన్నాడు.

కనబడలేదని ఆవిడ అనేసి ఉంటే ఎవరూ కాదనలేరు. ఆ అమ్మాయి అబద్ధాలకోరుగా మిగిలేది, అక్క చేతి మీదుగా వెళ్ళినదాంట్లో తప్పుండదన్న పేరు చెక్కుచెదరకుండా ఉండేది. ఆవిడ అలాగే చేస్తారని, నిజం చెప్పాలంటే, నేననుకున్నాను.

కమిటీ రోజున దాఖలు ప్రతి పట్టుకుని రమ్మంటే వెళ్ళాను. అక్క అప్పటికే వచ్చి తలుపు పక్క కుర్చీలో, ఒళ్ళో ఆరు పుస్తకాలతో కూర్చున్నారు. పిలవకముందే లేచి వాటిని బల్ల మీద పెట్టారు. అధ్యక్షుడు ఒక్కో పుస్తకం తీసి పుటలు తిప్పి చూశారు.

"ఇవన్నీ మీరు దిద్దినవేనా?"

"నేనేనండీ."

"ఎందుకు?"

"తప్పులనుకున్నానండీ."

"ఉన్నదున్నట్టు టైపు చెయ్యమని ఈ అమ్మాయి మీకు చెప్పలేదా?"

చెప్పలేదంటే సగం బరువు దిగిపోయేది. గదిలో అందరికీ తెలుసు ఆ సంగతి, ఆవిడకూ తెలుసు.

"చెప్పింది. నేనే వినలేదు. తప్పు నాది."

ఆ మాట ఆవిడ నోట రావడం నేను వినలేదెప్పుడూ. భర్త కూడా విని ఉండడు. అధ్యక్షుడు గ్రంథం మొదటి పుట తెరిచి నా వైపు తిరిగారు. "ఈ ముద్ర మీదే కదా. మీ కంటికేమీ కనబడలేదా?"

"అంచులు సరిగ్గానే ఉన్నాయండీ" అని నీళ్ళు నమిలాను. సిగ్గేసింది. ఆవిడ పక్కన నిలబడి ఆ మాట అన్నందుకు ఇంకా సిగ్గేసింది.

ఆ అమ్మాయికి నెల గడువిచ్చారు. ఈసారి అంతా తానే టైపు చేసుకుంది. మళ్ళీ అయిదు ప్రతులతో వచ్చింది, పట్టా తీసుకుంది. అక్కను తిట్టిందో మెచ్చుకుందో నాకు తెలియదు. ఆ సందులోకి మళ్ళీ వెళ్ళినట్టు లేదు.

కమిటీ ఇంకో నిర్ణయం కూడా చేసింది. ఇకమీదట రాతప్రతులేవీ బయటి టైపు దుకాణాలకు ఇవ్వకూడదు. ఏ దుకాణమో రాయలేదు కానీ అందరికీ అర్థమైంది. ఆ ప్రకటన రాసి బోర్డుకు అంటించే పని నామీద పడింది. తొందరగా రాసి అంటించేశాను. నెల తిరక్కుండానే అక్క రెండో కంప్యూటరుకు గుడ్డ కప్పేశారు.

ఒక మధ్యాహ్నం ఆవిడే గ్రంథాలయానికి వచ్చారు. బోర్డు ముందు ఆగి ప్రకటన మొదటినుంచీ చివరిదాకా చదివారు. నేను గదిలోంచి చూస్తూనే ఉన్నాను, బయటికి రావడానికి మొహం చెల్లలేదు. చదవడం అయిపోయినా ఆవిడ కదల్లేదు. చేతిసంచీలోకి చెయ్యి వెళ్ళింది. అక్కడే ఆగింది. తల తిప్పి నన్ను పిలిచారు.

"అన్నయ్యా, ఇది మీరు రాసిందేనా?"

"నేనే అక్కా."

"ఇక్కడ ‘సిద్దాంత గ్రంథం’ అని ఉంది. ద కింద ధ ఒత్తు లేదు, ద ఒత్తు ఉంది." మెల్లగా అడిగారు. "ఇది తప్పా, కావాలనే అలా రాశారా?"

ఆవిడ ఎగతాళి చేస్తున్నారేమోనని మొహంలోకి చూశాను. లేదు, నిజంగానే అడుగుతున్నారు.

"తప్పే అక్కా" అన్నాను. "తప్పు నాదే."

అప్పుడు ఎర్రపెన్ను తీసి ఆ ఒత్తు దిద్దారు. బస్సు వేళయిందని వెళ్ళిపోయారు.