కొత్త బోర్డుకు ముసలితనం

1944 జూన్‌లో నన్ను మదనపల్లె సెక్షనుకు తాత్కాలిక ఓవర్సీరుగా వేశారు. రోడ్లు, కల్వర్టులు, ప్రయాణికుల బంగళాలు మా అజమాయిషీలో ఉండేవి. తాత్కాలిక ఓవర్సీరు చేసే పని ఖాయం ఉద్యోగి చేసేదే. కుర్చీని మాత్రం ఎప్పుడైనా లాగేయవచ్చు. ఆ ఏడాది ఇంజనీరు తనిఖీలో చెడ్డ రిమార్కు పడకపోతే నన్ను ఖాయం చేస్తారు, పడితే ఇంటికి పంపుతారు.

నా పైఅధికారి సూపర్వైజరు. ఆయన పేరు రాయను. ఆయన నా పేరు రాయవలసిన చోట రాయలేదు కనుక, ఆ బాకీ ఇలా తీరుస్తున్నాను.

ఆగస్టులో అప్పటి ఇంజనీరు హార్స్లీ హిల్స్ నుంచి దిగి వస్తూ ఒక కోరిక చెప్పారట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం బంగళాలు పాతకాలపు రాతి కట్టడాలు. వాటి ముందు పెట్టే పేరు బోర్డులు కొత్తగా మెరవకూడదు, బంగళాతోపాటే పుట్టినట్టు ఉండాలి. సూపర్వైజరు ఈ మాట నాకు నోటితోనే చెప్పారు. కాగితం అడిగితే, "ఏమప్పా, నా మాట నీకు సాలదా" అన్నారు. యుద్ధం వల్ల టేకూ, రంగు డబ్బాలూ మాకు దొరకడం లేదు. ఉన్నదానితో చేసుకోమన్నారు.

ఉన్నది మామిడి పలక. కొత్తగా కోసిన మామిడి పలక పాలిపోయి ఉంటుంది, దాన్ని చూసి ఎవరూ పాతదనుకోరు. పుంగనూరులో మస్తాన్ సాహెబ్ అనే అద్దకం పనివాడు ఉండేవాడు. బట్టకు నలుపు ఎక్కించే విద్యను కొయ్యకు ఎలా వాడాలో ఆయనే చెప్పాడు. తుప్పు పట్టిన మేకులు, లాడాల ముక్కలు బెల్లం నీళ్లలో వేసి, కుండకు మూత పెట్టి మూడు వారాలు పులియబెట్టాలి. ఆ నీటిని కసిమి అంటారు.

"సూడప్పా, ముందు కరక్కాయ కషాయం పుయ్యి. ఆరినాక కసిమి పుయ్యి. కొయ్యకు ముసలితనం దానంతట అదే వస్తాది. ఆత్రపడితే మాత్రం రంగేసుకున్న ముసలాయన మాదిరి ఉంటాది" అన్నాడు.

మదనపల్లెలో నా అద్దె ఇంటి పెరడే కార్ఖానా అయింది. పలకను గడ్డిమంట మీద పైపైన కాల్చి, కొబ్బరి పీచుతో చార వెంబడి రుద్దాను. మెత్తని భాగం రాలిపోయి, గట్టి చారలు వానకు తడిసి అరిగినట్టు పైకి తేలాయి. అంచుల వాడి పోవడానికి ఇనుప గొలుసుతో కొట్టాను. అక్షరాలు ఉలితో చెక్కాను. కషాయం, కసిమి పూసి, ఆరాక అక్షరాల్లో సున్నం నింపి, చివర అవిసె నూనెతో తుడిచాను. మా ఆవిడ మాత్రం కుండ దగ్గరికి వచ్చేది కాదు. "పక్కింటోళ్లు ఎలుక సచ్చిండాదేమో ఎతకండి అంటాండారు. మీ బోర్డుకు ముసలితనం వచ్చేలోపల నాకొచ్చేట్టుండాది" అనేది.

ఇక్కడ ఒక నిబంధన చెప్పాలి. మా విభాగంలో ప్రతి కొయ్య సామాను మీదా ముందువైపు కింది మూలన, కాల్చిన అచ్చుతో నంబరు, సంవత్సరం వేయాలి. కొత్త ముద్ర పడితే పాత రూపు చెడుతుందని సూపర్వైజరు వద్దన్నారు. ముందు వద్దంటే వెనక వేయవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. ఈ వ్యవహారంలో నా తప్పు ఇదొక్కటే.

అక్టోబరులో ఇంజనీరుకు బదిలీ అయింది. నవంబరులో కొత్త ఇంజనీరు రైల్లో కుప్పం దిగి, అక్కడి నుంచే తనిఖీ మొదలుపెట్టారు. బంగళా ముందు ఆగి, చేతికర్రతో నా బోర్డును తట్టి చూశారు. సమాధానం అడగకుండానే తనిఖీ పుస్తకంలో రాయించారు: బోర్డు శిథిలం, కండెం జాబితాలో చేర్చాలి, ఓవర్సీరు అశ్రద్ధకు సంజాయిషీ తీసుకోవాలి. కండెం జాబితా అంటే ఇక పనికిరాదని కొట్టివేసిన సామాను పట్టిక. దాంతోపాటు నన్నూ కొట్టివేసినట్టే.

ఆ బోర్డుకు నలభై రోజులు కూడా నిండలేదని మనవి చేశాను. ముద్ర ఏదని అడిగారు. సూపర్వైజరు వైపు చూశాను. ఆయన బంగళా పెంకులు లెక్కపెడుతున్నట్టు తల పైకెత్తుకుని, "నాకు తెలీదు సార్, అంతా ఓవర్సీరే సూసుకుంటాడు" అన్నారు. వాచ్‌మన్ మునెప్ప ఒక్కడే నోరు విప్పాడు. "నేనే గుంత తవ్వి నిలబెట్టినాను దొరా. ఇది నా మనవరాలి కన్నా సిన్నది." వాచ్‌మన్ మాట రికార్డు కాదన్నారు.

బోర్డు మూల చెక్కి చూపితే లోపలి పచ్చి కొయ్య బయటపడేది. కానీ మూడు వారాల పనిని నా చేత్తో పాడుచేయడానికి నేను ఒప్పుకోలేదు. మరమ్మతు కోసం సైకిలు సంచిలో కషాయం, కసిమి సీసాలు ఉన్నాయి. మునెప్ప వంటింటి కట్టెల్లోంచి ఒక పచ్చి మామిడి చెక్క తెచ్చాడు. వరండాలో ఎండ పడే చోట, ఇంజనీరు కుర్చీ ముందే కషాయం పూశాను. చెక్క పసుపు తిరిగింది. ఆరాక కసిమి పూశాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు నల్లబడింది.

ఆయన చెక్కను తిప్పి చూసి, పెన్ను అడిగి తీసుకుని తన రిమార్కును తానే కొట్టివేశారు. కింద ఇంకొకటి రాశారు: సూపర్వైజరుగారి పర్యవేక్షణలో స్వల్ప సామగ్రితో చేసిన ఈ పని మెచ్చదగింది. సూపర్వైజరు నమస్కారం పెట్టి ఆ మెప్పు అందుకున్నారు.

నన్ను మార్చిలో ఖాయం చేశారు. ఆ మెప్పు వాక్యంలో నా పేరు చేర్చాలని మూడు అర్జీలు పెట్టాను. మొదటి దానికి జవాబు రాలేదు. రెండోదానికి సూపర్వైజరే జవాబు రాశారు, అందులోనూ నా పేరు లేదు. మూడోదానికి ఫైలు మూసేశామన్నారు. నకళ్లు నా దగ్గర ఉన్నాయి.

తనిఖీ ముగిసిన సాయంత్రమే కుప్పం బోర్డు విప్పి, వెనకవైపు నంబరు, 1944 అని అచ్చు కాల్చాను. ఆనాటి నుంచి ముద్ర పడకుండా ఏ కొయ్యకూ రంగు పూయలేదు, నోటిమాట ఉత్తర్వు వింటే అది కాగితం మీదికి వచ్చేదాకా పనిముట్టు పట్టలేదు. చాలా ఏళ్లకు నేనూ సూపర్వైజరునయ్యాను. ఒక తనిఖీలో ఆ బోర్డునే కండెం జాబితాలో చేర్చాలని ఓవర్సీరు తెచ్చి చూపాడు. తిప్పి సంవత్సరం చదివాను. ఈసారి అది నిజంగానే పాతబడింది. సంతకం చేశాను.