ఆసుపత్రి మేడకు వినబడేలా

మా మామయ్య తాళాలు బాగుచేస్తాడు. ఆయన తెరవలేని తాళం లేదు, మూసుకోలేనిది ఆయన నోరొక్కటే. ఫోను పట్టాడంటే దూరాన్ని బట్టి గొంతు పెంచుతాడు. పక్కవీధి వాళ్లతో గుసగుసలు, పొరుగూరి వాళ్లతో కేకలు. ఊరెళ్లిన వాళ్లెవరైనా బీరువా తాళం బాగుచేయమని ఫోను చేస్తే, "ఇంట్లో ఎవరూ లేరా? బీరువా పడగ్గదిలోనా?" అంటూ వీధి వీధంతటికీ వినిపిస్తాడు. దాంతో గిరాకీ పలచబడింది.

"ఇలాగే అరిస్తే కొట్టు మూసుకోవాల్సిందే. నువ్వు ఫోన్ల కంపెనీలో చేస్తున్నావుగా, కాస్త చెప్పవే," అని అత్తయ్య నన్ను పట్టుకుంది.

నేను చదువుకున్నదాన్ని కదా, ఊరుకుంటానా! "మామయ్యా, నీ ఫోను అవతలివాళ్ల ఫోనుతో నేరుగా మాట్లాడదు. ఊరిని ముక్కలు చేసి, ముక్కకో టవర్ పెడతారు. నీ ఫోను నీ మాటని రేడియో తరంగాలతో దగ్గరి టవర్‌కి చేరవేస్తుంది, అంతే. అక్కణ్నుంచి కేబుల్ మీద ఎక్స్ఛేంజికి పోతుంది. అవతలి ఫోను ఏ టవర్ కింద ఉందో దానికి తెలుసు, అక్కడికి పంపిస్తుంది. పక్కింటికైనా పైదేశానికైనా నీ ఫోను చేసే పని ఇంతే."

"మరి బస్సులో పోతూ మాట్లాడితే?"

"ఒక టవర్ ఇంకో టవర్‌కి అప్పజెబుతుంది."

ఇంత చక్కటి ప్రశ్న మా ఆఫీసులో కూడా ఎవరూ అడగలేదు. నేను మురిసిపోయాను.

"మన టవర్ ఎక్కడుంది?"

"అదుగో, ఆసుపత్రి మేడ మీద."

మామయ్య కళ్లు చికిలించి చూశాడు. "అమ్మో, చాలా దూరమే!"

ఆ రోజు నుంచి పక్కవీధైనా పొరుగూరైనా ఒకటే గొంతు. ఆసుపత్రి మేడకు వినబడేలా, దానివైపే తిరిగి మరీ మాట్లాడేవాడు. గుసగుసలు కూడా పోయాయి. నా చదువు తగలెయ్య!

ఓ రోజు అత్తయ్య చెల్లెలింటికి వెళుతూ, తాళంచెవి ఎక్కడ పెట్టమంటారని ఫోను చేసింది. మామయ్య కొట్టు బయటికొచ్చి, "పూలకుండీ కింద పెట్టు! సాయంత్రం దాకా నేనూ రాను!" అని ఆసుపత్రికి చెప్పాడు.

సాయంత్రానికి ఇంట్లో టీవీ లేదు, మిక్సీ లేదు, అత్తయ్య గాజులు లేవు. తలుపుకి తాళం మాత్రం వేసే ఉంది. తాళంచెవి కుండీ కిందే ఉంది. అత్తయ్య కూలబడి ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది.

"తాళాలాయన ఇంట్లోనే దొంగలు పడ్డారని తెలిస్తే ఇక కొట్టుకి ఎవరొస్తారండీ? వీధిలో ఒక్కరి చెవిన కూడా పడనివ్వకండి," అంది అత్తయ్య.

మామయ్య బుద్ధిగా తలూపాడు. పోలీసులకు ఫోను కలిపి, వరండాలోకి నడిచి, ఆసుపత్రి వైపు తిరిగాడు.