దాణా మిషన్ మొండికేసిన ముహూర్తం

ఇబ్రహీంపట్నంలో ఒక పూట నా పరువు పూర్తిగా పోయి, భోజనాల వేళకు తిరిగొచ్చింది. పోగొట్టుకున్నది నేనే. చెబుతాను, నవ్వండి. కానీ మధ్యలో లేచిపోకండి, నా గొప్పంతా చివర్లో ఉంది.

ఔటర్ రింగ్ రోడ్డు పుణ్యమా అని మా చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులు. యాదిరెడ్డన్న కొత్తగా పశువుల దాణా ఫ్యాక్టరీ కట్టాడు. గింజలు తూచడం, కలపడం, బస్తాలకెత్తడం అంతా కంప్యూటరే నడపాలి. ఎవరికీ దెబ్బ తగలకుండా ఆ మిషన్ ఎలా బిగించాలో ప్లాన్ గీసే పని నాకిచ్చాడు. ఇంజనీరింగ్ అయ్యాక నా చేతికొచ్చిన మొదటి పని. నా గర్వం సంగతి అడక్కండి, నడిస్తే నేల నాదే అనుకునేదాన్ని.

యాదిరెడ్డన్న పాత మిల్లు బెల్టులో రెండు వేళ్లు పోగొట్టుకున్న మనిషి. అందుకే బెల్టు పక్కన నేను గీసిన కరెంటు కన్ను, అంటే సెన్సర్ మీదే అతని చూపు.

"బెల్టు దిక్కు చెయ్యి పోతే ఖరారుగ ఆగుతదా చెల్లె?"

"వెలుగుకు అడ్డం పోంగనే ఆగుతదన్నా. ఫికర్ చెయ్యకు."

"ఆగకుంటే?"

"నా పేరు మార్చుకుంట."

ప్రారంభం రోజు మా బాపు ఇస్త్రీ అంగీ వేసుకొచ్చి ముందు నిలబడ్డాడు. పంతులు కొబ్బరికాయ కొట్టించాడు. "బొట్లు నువ్వే పెట్టు బిడ్డా, నీ చేతి పని గదా" అన్నాడు బాపు. ఇక నేనాగుతానా? మోటారుకు పెట్టాను, డ్రమ్ముకు పెట్టాను, గుండ్రంగా నున్నగా కనిపించిన ప్రతిదానికీ తడి పసుపు రాసి కుంకుమ పెట్టాను. పెళ్లికూతుర్ని కూడా ఎవరూ అంత శ్రద్ధగా ముస్తాబు చేసి ఉండరు.

యాదిరెడ్డన్న బటన్ నొక్కాడు. మిషన్ కదల్లేదు. ఎర్ర దీపం వెలిగి, బెల్టు దగ్గర ఎవరో ఉన్నారని తెర మీద వచ్చింది.

"ఎవలున్నరు చెల్లె?"

"ఎవ్వలు లేరన్నా. అందరు జర ఎనుకకు జరగుండ్రి."

అందరూ జరిగారు, ఎర్ర దీపం మాత్రం ఆరలేదు. అందర్నీ గేటు దాకా తరిమాను. పంతులు ప్రసాదం పళ్లెంతో సహా రోడ్డు మీద పడ్డాడు. అయినా ఎవరో ఉన్నారనే అంటోంది మిషన్. "కండ్లకు కనవడనోళ్లు ఎవలన్న ఉన్నరేమో" అన్నాడు పంతులు, గేటు అవతల నుంచే.

ప్రోగ్రాం చూశాను, వైర్లు లాగి చూశాను. చెమటతో తడిసి ముద్దయ్యాను. అప్పుడు యాదిరెడ్డన్న బామ్మర్ది శీను స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చాడు.

"గా కంటి వైరు తీసి డైరెక్ట్ కలుపుదాం. మిషన్ తిరుగుతది, ముహూర్తం దక్కుతది."

"అవ్, చేసెయ్ చెల్లె" అన్నాడు యాదిరెడ్డన్న, గడియారం చూస్తూ. "లేకుంటే పాత మిల్లు మోటారే పెట్టిస్త."

నా మొదటి పని చేజారిపోతోంది. అయినా శీను చేతిలోని స్క్రూడ్రైవర్ లాక్కున్నాను.

"పాతదే పెట్టుకో అన్నా. కన్ను లేని మిషన్ నా చేతుల మీద తిరగదు."

ఆ మాట అన్నందుకు నన్ను నేనే ఇప్పటికీ మెచ్చుకుంటాను.

బాపు వచ్చి, భుజం మీది తువ్వాలతో నా మొహం తుడిచాడు. నా నుదుటి కుంకుమంతా తువ్వాలకంటింది. ఆ మరక చూశాను. బెల్టు పక్కనున్న కన్ను వైపు చూశాను. దాని గాజు నిండా పసుపు, పసుపు మధ్య రూపాయి బిళ్లంత బొట్టు. ఎవరు పెట్టారంటారా? ఈ మహా ఇంజనీరే.

తువ్వాల లాక్కుని తుడిచాను. ఎర్ర దీపం ఆరింది. యాదిరెడ్డన్న మళ్లీ నొక్కాడు, బెల్టు తిరిగింది. అతను నవ్వలేదు. రెండు వేళ్లు లేని ఆ చేతిని మెల్లగా వెలుగుకు అడ్డం పెట్టాడు. బెల్టు ఠక్కున ఆగింది. చెయ్యి తీసి, బటన్ నొక్కి, మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆగింది.

"బొట్టుకే ఆగినది చేతికి ఆగదా" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "పేరు మార్చుకునుడు వద్దు చెల్లె. తుక్కుగూడల ఇంకో ఫ్యాక్టరీ పెడుతున్న, దాని ప్లాన్ గూడ నువ్వే గియ్యాలె."

బాపు ఆ తువ్వాలను ఉతకనివ్వలేదు. బడంగ్‌పేట్ చుట్టాలందరికీ చూపించి వచ్చాడు.

కాశీకి వెళ్లినవాళ్లు కాయో పండో వదిలేస్తారు. నేను మాత్రం ఆ దాణా బస్తాల సాక్షిగా ఒట్టేసుకున్నాను: నుదురేదో కన్నేదో తేల్చుకోకుండా, ఈ జన్మలో ఇక ఏ యంత్రానికీ బొట్టు పెట్టను.