టీవీ కింద పెట్టె

నంద్యాలలో కంప్యూటర్ గేములు అమ్మే అతను సొంతంగా ఒక గేమింగ్ కన్సోల్ తయారుచేసి అమ్మబోతున్నాడన్న సంగతి నాకు అతని నోటి నుంచి తెలియలేదు. మా అంగడికి సరుకు తెచ్చే కొరియర్ మనిషి చెప్పాడు. ఆళ్లగడ్డలో నా అంగడి ముందు బండి ఆపి, కీబోర్డుల డబ్బా దించుతూ, నంద్యాలలో ఆ అంగడికి ఈ మధ్య అట్టపెట్టెలు ఆగకుండా వస్తున్నాయన్నాడు. అన్నీ ఒకే సైజువట. టీవీకి తగిలించుకుని హాల్లో కూర్చుని ఆడుకునే మిషన్ అట. దాని మీద అంగడి పేరే అచ్చు వేయించుకున్నాడట. నేను సంతకం పెట్టాల్సిన గడి వదిలి పక్కవాళ్ల గడిలో పెట్టాను.

అతనూ నేనూ ఒకేచోట పని నేర్చుకున్నాం. నంద్యాలలో ఒక కంప్యూటర్ రిపేరు అంగడిలో నాలుగేళ్లు పక్కపక్క బల్లల మీద కూర్చున్నాం. నేను వయసులో రెండేళ్లు పెద్ద, పనిలో ఒక ఏడాది ముందు. కాలిపోయిన బోర్డును వాసన చూసి ఏ భాగం పోయిందో చెప్పడం నేనే నేర్పించాను. నన్ను అక్కా అనేవాడు, ఇప్పటికీ అంటాడు. వాళ్లది తాతల కాలం నుంచి అంగళ్లు నడుపుతున్న కుటుంబం. మా నాయన క్రైస్తవ మిషన్ బడిలో టీచరు, మా ఇంట్లో గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి నాకు ముందు ఎవరూ లేరు. అందుకేనేమో, మేమిద్దరం ఆ ఉద్యోగం మానేశాక అతను నంద్యాలలో గేముల అంగడి పెట్టి అద్దాల తలుపులు బిగించుకున్నాడు. నేను పెళ్లి చేసుకుని ఆళ్లగడ్డ వచ్చి ఒక షట్టరు అద్దెకు తీసుకున్నాను.

మా ఆయనది రాతి శిల్పాల షెడ్డు. ఈ ఊళ్లో అలాంటి షెడ్లు చాలా ఉన్నాయి. పొద్దుటి నుంచి కటింగ్ మిషన్లు తిరుగుతూనే ఉంటాయి, సన్నటి రాతిపొడి గాలిలో తేలుతూ వచ్చి ఇళ్లలోకి దూరుతుంది. కంప్యూటర్లకు అది విషం. ఫ్యాన్లు ఇరుక్కుపోయి, లోపల వేడెక్కి, ఆడుతూ ఆడుతూ ఆగిపోతాయి. ఆ పొడిని వదిలించడం నాకు బాగా వచ్చు. గాలి లోపలికి పోయే చోట దోమతెర గుడ్డ రెండు మడతలు వేసి బిగిస్తాను, నెలకోసారి తీసి ఉతుక్కోమని చెబుతాను. అందుకే ఈ ఊళ్లో ఏ మిషన్ వేడెక్కుతుంది, ఏది వేడెక్కదు అన్న విషయంలో నా మాటకు విలువ ఉండేది. ఆ విలువతోనే తప్పు చేశాను.

కొరియర్ మనిషి వెళ్లిపోయాక నాకు గుర్తొచ్చింది వేరే సంగతి. మేము రిపేరు అంగడిలో ఉన్నప్పుడు ఒకావిడ పిల్లల కోసం కొన్న కంప్యూటర్ను వారం తిరక్కుండానే వెనక్కి తెచ్చింది. ఇంట్లో టేబుల్ వేసే చోటు లేదంది. ఆమె వెళ్లాక, క్యారియర్లు విప్పుకుని అన్నం తింటూ, నేను అతనితో అన్నాను: టేబుల్ లేని ఇల్లుంటుంది, కుర్చీ లేని ఇల్లుంటుంది, టీవీ లేని ఇల్లు లేదు. టీవీ కింద పట్టేంత చిన్న పెట్టెలో కంప్యూటర్ పెట్టి, బటన్ నొక్కగానే గేములు కనపడేలా చేస్తే ఇంటిల్లిపాదీ ఆడతారు. ఆ రోజు అతను పప్పులో ఎండుమిరపకాయ ఏరుకుంటూ తల ఊపాడు. అంతే. నేను ఆ మాటను లోపల దాచుకున్నాను, ఎప్పటికైనా చేయాలని. చేయలేదు. ఒక్క స్క్రూ కూడా బిగించలేదు. కానీ అది నాదేనన్న నమ్మకం మాత్రం పెరుగుతూ వచ్చింది.

రెండు రోజులకు అతను ఫోన్ చేసి, అమ్మకం మొదలుపెట్టే రోజుకు తప్పకుండా రమ్మన్నాడు. వస్తానన్నాను. బస్సులో నంద్యాల వెళ్లేంతసేపూ అది బాగుండకూడదని కోరుకుంటూ కూర్చున్నాను.

అంగడి మధ్యలో ఒక సోఫా వేసి ఉంది. గోడకు పెద్ద టీవీ. దాని కింద ఒక నల్లటి పెట్టె, రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. వాళ్ల నాయన కొబ్బరికాయ కొట్టాడు. పెట్టె బటన్ నొక్కగానే తెర మీద గేముల బొమ్మలు వరుసగా వచ్చాయి, కింద తెలుగులో రాసి ఉంది: ఆడు, ఆపు, మళ్లీ మొదలు. అంతమంది జనంలో ఒక పోలీసు కానిస్టేబుల్ తన భార్యను సోఫాలో కూర్చోబెట్టి చేతికి రిమోట్ లాంటిది ఇచ్చాడు. ఆమె ముందు సిగ్గుపడింది, తర్వాత కారు గోడకు గుద్దుకున్నప్పుడల్లా తనూ పక్కకు ఒరిగిపోతూ ఆడింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే, పెట్టె చేసిన అతను నా వైపు చూసి కళ్లతోనే ఎట్లుందని అడిగాడు. నేను కూడా నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి.

జనం పలచబడ్డాక పెట్టెను తిప్పి అడుగు భాగం చూపించాడు. కింద ఒక సన్నటి ఫిల్టరు, అగ్గిపెట్టె అరలా బయటికి లాగొచ్చు. దుమ్ము దులిపి మళ్లీ తోసేయొచ్చు. నేను దోమతెర గుడ్డతో చేసేదాన్ని అతను అచ్చు పోయించి, అందంగా చేశాడు. బాగుందన్నాను. రెండు పెట్టెలు నాకిచ్చి పంపాడు, ఒకటి ఇంట్లో పెట్టుకోమని, ఇంకోటి అంగడిలో నలుగురికి చూపించమని. ఆళ్లగడ్డలో నువ్వే అమ్మల్ల అక్కా అన్నాడు.

మర్నాడు అంగడి తెరవగానే ఒకదాన్ని విప్పాను. దాన్ని చూడాలని కాదు, తప్పు పట్టాలని. వైర్లు ఎక్కడైనా వదులుగా ఉన్నాయా, చవక రకం ఫ్యాను వేశాడా, అతుకుల్లో జిగురు పూశాడా అని భాగం భాగం వెతికాను. ప్రతి వైరూ కట్టి ఉంది. ప్రతి స్క్రూకూ వాషరు ఉంది. ఒకచోట నేనైతే ఎట్లా చేసేదాన్నో అట్లానే చేశాడు, ఇంకోచోట నాకు తట్టని విధంగా చేశాడు. ఆ రెండోది చూడగానే వెతకడం మానేశాను. మళ్లీ బిగించేశాను.

ఇంకో పెట్టె మా హాల్లో టీవీ కింద పెట్టాను. మా ఆయన షెడ్డు నుంచి వచ్చి చేతులు కడుక్కుని ఆడడం మొదలుపెట్టాడు. మా అత్త ఏ రోజూ నా కంప్యూటర్ల జోలికి రాని మనిషి. తెర మీద తెలుగు అక్షరాలు కనపడేసరికి ఆమె కూడా కూర్చుంది. మూడో రోజుకు వాళ్లిద్దరూ పందెం వేసుకుని కార్లు తోలుతున్నారు. ఎవరు చేసినారోగానీ బుర్ర ఉండేటోడు అని ఆమె మెచ్చుకుంది. నేను అంగడి పెట్టిన ఈ పదకొండేళ్లలో నా గురించి ఒక్కసారైనా అంత మాట అనలేదు. నేను వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ, దాని గురించి నేనే ముందు అనుకున్నానని చెప్పబోయి ఊరుకున్నాను. చెప్తే ఎవరు నమ్ముతారు?

ఆ వారంలోనే పురుగుమందుల అంగడాయన భార్యతో కలిసి నా దగ్గరికి వచ్చాడు. ఊళ్లో పెద్దమనిషి, వాళ్లింట్లో మిషన్లన్నీ నేనే చూస్తాను. చూపించడానికి పెట్టిన పెట్టెను చేత్తో తూచి చూసి, హాల్లోకి ఒకటి తీసుకుందామనుకుంటున్నామని, ఎట్లా పని చేస్తుందని అడిగాడు.

"వేడెక్కుతాదిప్పా" అన్నాను.

అనే ముందు నాకు అలా అనాలన్న ఆలోచన లేదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు. పైగా, మన ఊరి దుమ్ముకు ఇది తట్టుకోదు, కొన్నాళ్లు ఆగి చూడండని చేర్చాను. ఆయన తల ఊపి, నువ్వు చెప్పినావంటే అంతే అని పెట్టెను కింద పెట్టేశాడు. వాళ్లు వెళ్లాక ఆ పెట్టె వైపు చూడకుండా పని చేసుకున్నాను. కానీ నిజం చెప్పాలి, ఆ సాయంత్రం వరకు మనసుకు హాయిగా కూడా ఉండింది.

నాలుగు రోజుల తర్వాత అతని ఫోన్ వచ్చింది. పురుగుమందుల ఆయన ఏదో పని మీద నంద్యాల వెళ్లి, అతని అంగడిలో అందరి ముందూ ఆళ్లగడ్డ అక్క వేడెక్కుతాదని చెప్పింది అన్నాడట. అతని గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఎంతసేపటికి వేడెక్కింది, ఏ గేము ఆడుతుంటే ఆగిపోయింది అని వరుసగా అడిగాడు. నేను సరిగ్గా చూడలేదని తప్పించుకున్నాను. సరే అక్కా, వస్తా అని పెట్టేశాడు. ఆ తర్వాత తెలిసింది, నా మాట విన్న రోజే అమ్మకం ఆపేసి, సిద్ధంగా ఉన్న పెట్టెలన్నీ విప్పించి ఒక్కొక్కటీ గంటల తరబడి ఆడించి చూశాడని.

మరో నాలుగు రోజులకు మధ్యాహ్నం అతనే వచ్చాడు. చేతిలో వేడి కొలిచే చిన్న మీటరు ఉంది. నేను ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా, చూపించడానికి పెట్టిన పెట్టెను తగిలించి, మిషన్‌ను ఎక్కువ శ్రమపెట్టే గేము ఒకటి నడిపించి, స్టూలు మీద కూర్చున్నాడు. అప్పుడప్పుడు మీటరు దగ్గర పెట్టి కాగితం మీద రాసుకున్నాడు. మధ్యలో బయటికి వెళ్లి రోడ్డు మీది రాతిపొడి గుప్పెడు తెచ్చి ఫిల్టరు మీద చల్లి మళ్లీ చూశాడు. గంట దాటింది. రెండో గంట కూడా నడుస్తోంది. వేడి ఒక చోటికి వచ్చి అక్కడే నిలిచిపోయింది. అతని ముఖం తేటపడాల్సింది, ఇంకా ముడుచుకుపోయింది. తప్పు ఎక్కడుందో తనకు కనపడడం లేదని అనుకుంటున్నాడు. నా మాట తప్పై ఉంటుందన్న ఆలోచన అతనికి రావడమే లేదు. అది నేను భరించలేకపోయాను.

"అది వేడెక్కదు అబ్బయ్యా. నేను ఊరికే చెప్పినా" అన్నాను.

అతను మీటరు పట్టుకున్న చేయి అలాగే ఉంచి నా వైపు తిరిగాడు.

"ఏంటికి?"

చెప్పాను. క్యారియర్లు విప్పుకుని తిన్న ఆ మధ్యాహ్నం, వెనక్కి వచ్చిన కంప్యూటర్, టీవీ కింద పెట్టె గురించి నేనన్న మాట, ఇన్నేళ్లు దాన్ని దాచుకున్న సంగతి, కొరియర్ మనిషి నోట వినడం, అన్నీ. నాకే వినడానికి చిన్నతనంగా ఉన్నా ఆపలేదు. అతను అడ్డు రాకుండా విన్నాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు అన్న్యావేమో అక్కా. నాకు గ్యాపకం లేదు. మా పిన్నమ్మోళ్ల ఇంట్లో పిల్లోళ్లు మంచం మీద కంప్యూటర్ పెట్టుకోని ఆడుతాంటే చూసి నాకు తట్టింది. కింద ఆ ఫిల్టరు మాత్రం నీదే. నీ అంగట్లో దోమతెర గుడ్డ చూసి చేసినా. మొదుల్లోనే చెప్పల్లనుకుంటి, ఆ పొద్దు జనాల్లో కుదర్లా."

అబద్ధం చెప్పే మనిషి కాదు. నేను పదేళ్లకు పైగా నాదని మోసిన మాట అతని దగ్గరికి అసలు చేరనే లేదు. ఉత్త చేతిపని, లెక్కలోకే రాదని నేను అనుకున్న ఆ దోమతెర గుడ్డను అతను గుర్తుపెట్టుకున్నాడు. మెచ్చుకున్నాడని సంతోషపడాలి. నాకు మాత్రం నా సొత్తు తీసుకుని చిల్లర చేతిలో పెట్టినట్టు అనిపించింది.

అతను వైర్లు చుట్టి పెట్టుకుని లేచాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. షట్టరు దగ్గర నిలబడి, నాలుగు దినాలు నిద్ర పోలేదక్కా అని మాత్రం అన్నాడు.

మర్నాడు నేను పురుగుమందుల అంగడికి వెళ్లాను. ఆయన ఒక రైతుకు మందు కలిపే విధం చెబుతున్నాడు, ఆయన పని అయ్యేదాకా బస్తాల పక్కన నిలబడ్డాను. ఆ పెట్టె మంచిదని, నేను చెప్పింది తప్పని, మిషన్‌లో ఏ లోపమూ లేదని చెప్పాను. ఎందుకు అలా చెప్పానో ఆయన అడగలేదు. "మొన్న అట్ల జెప్తివి, ఈ పొద్దు ఇట్ల జెప్తాండావు. ఏది నమ్మల్లమ్మా నేను?" అన్నాడు. ఆయన నెల తిరక్కుండానే నేరుగా నంద్యాల వెళ్లి పెట్టె కొనుక్కున్నాడు. వాళ్లింటి ప్రింటరు చెడిపోతే ఇంకొకరిని పిలిపించాడని తర్వాత విన్నాను. ఆ కబురు ఊళ్లో ఎంత దూరం పోయిందో నాకు తెలియదు. కొందరు మాత్రం ఇప్పుడు నేను ఏదైనా చెబితే అవునా అని ఇంకోసారి అడుగుతున్నారు.

నంద్యాల నుంచి సరుకు ఆగలేదు. మొదట్లో అతను ఫోన్ చేయడం తగ్గించి, అంగడిలో పనిచేసే అమ్మాయితో చేయించేవాడు. ఆమె నాతో చాలా మర్యాదగా మాట్లాడేది, ఆ మర్యాద నాకు గుచ్చుకునేది. ఎండాకాలం సెలవులు వచ్చేసరికి నా అంగడి నుంచి ఏడు పెట్టెలు అమ్ముడుపోయాయి. ప్రతిదానికీ నేనే ఇంటికి వెళ్లి టీవీకి తగిలించి, ఫిల్టరు ఎట్లా లాగాలో చూపించి వచ్చాను. చూపిస్తున్నప్పుడు, ఇది నేను చేసిన విధానమే అని ఒకరిద్దరితో అన్నాను కూడా. వాళ్లకు అది పట్టలేదు, గేము ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నారు.

పోయిన వారం అతనే ఫోన్ చేశాడు. డోన్‌లో రైల్వే స్టేషన్ దగ్గర ఒక అంగడి వాళ్లు పెట్టెలు అడుగుతున్నారట, వెలుగోడు నుంచి కూడా ఎవరో వచ్చి చూసి వెళ్లారట. గొంతులో పాత ఉత్సాహం వచ్చింది. అన్నీ చెప్పి, ఏమంటావక్కా అని అడిగాడు. నేను అంగడి బయటికి నడిచాను. ఎదురుగా లారీలోకి ఒక రాతి విగ్రహాన్ని ఎక్కిస్తున్నారు, తాళ్లు పట్టుకుని నలుగురు ఒక్కసారిగా ఊపిరి బిగించారు. విగ్రహం లారీ ఎక్కాక, మంచిది అబ్బయ్యా అన్నాను. అంతసేపూ అతను లైన్లోనే ఉన్నాడు.