కదిలే వంటింటి సొరుగులు

2023 వసంతం. అరిజోనాలో మా చాండ్లర్ వైపు ఎండలు ఇంకా ముదరలేదు. ట్రావెల్ ట్రైలర్లున్న వాళ్ళంతా వాటి మీది కవర్లు తీసి, ఏది కారుతోందో, ఏది విరిగిందో చూసుకుని నాకు ఫోన్లు చేసే కాలం అది. ట్రావెల్ ట్రైలర్ అంటే ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. మంచాలు, బాత్‌రూమ్, పొయ్యి, సింకు అన్నీ ఉంటాయి. కమ్యూనిటీ కాలేజీ సాయంత్రం క్లాసుల్లో చెక్కపని నేర్చుకుని, ఒక రిపేరు షాపులో కొన్నేళ్ళు పనిచేసి, ఆ తర్వాత సొంత వ్యాన్ కొనుక్కున్నాను. ఇప్పుడు ఇళ్ళకే వెళ్ళి ట్రైలర్లు బాగుచేస్తాను.

ఆ రోజు తలుపు తీసిన శ్రీధర్ నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు. "పద్మ అంటే అపాయింట్‌మెంట్లు చూసే ఆవిడేమో అనుకున్నానండీ" అన్నాడు. పద్మని నేనేనని చెప్పి, చేతిలోని టూల్ బ్యాగ్ ఎత్తి చూపించాను. అతను కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. భార్య పేరు మాధవి. కూతురు హాసినికి పదేళ్ళుంటాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ట్రైలర్‌తో వాళ్ళు మొదటిసారి గ్రాండ్ కాన్యన్‌కి బయల్దేరారు. ఫ్లాగ్‌స్టాఫ్ దారిలో కొండలెక్కి ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగి, ట్రైలర్ తలుపు తీసేసరికి వంటింటి సొరుగులన్నీ నేల మీద ఉన్నాయట. కారం, పసుపు, మినప్పప్పు ఏకమయ్యాయి. వాటి నిండా పగిలిన సీసాల పెంకులు. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగొచ్చేశారు.

లోపలికెళ్ళి చూశాను. ట్రైలర్ సొరుగుల్ని చూస్తే నాకు ఎప్పుడూ ఒళ్ళు మండుతుంది. పైకి నున్నగా, అందంగా ఉంటాయి. పక్క చెక్కల్ని స్టేపుల్ పిన్నులతో కలిపేస్తారు. అడుగు పలక పెళ్ళికార్డు కంటే కాస్త మందం, అంతే. సొరుగు జారడానికి పక్కన ఉండే ఇనప పట్టీల్ని స్లైడ్స్ అంటాం. వాటి వెనక కొసని ఒక ప్లాస్టిక్ ముక్క పట్టుకుని ఉంటుంది. తిరిగొచ్చాక శ్రీధర్ వీటన్నిటికీ జిగురు దట్టించి, పిల్లలు తెరవకుండా పెట్టే తాళాలు బిగించాడు. ఊడే సొరుగుకి తాళం వేస్తే తాళంతో సహా ఊడుతుంది.

"వీటిలో ఏమేం పెట్టారు?" అని అడిగాను. మాధవి గరాజ్‌లోకి తీసుకెళ్ళింది. అన్నీ కడిగి బల్ల మీద వరసగా పెట్టి ఉంచింది. ఇనప దోసెల పెనం, కుక్కర్, మిక్సీ, స్టీలు డబ్బాలు, పోపుల పెట్టె, ఒక చిన్న రాతి రోలు.

"సంసారమంతా ఎత్తుకెళ్ళారన్నమాట" అన్నాను, నవ్వుతారని. ఎవరూ నవ్వలేదు. నేను అందరికీ చెప్పే సలహానే చెప్పాను. "సగం దించేయండి. పేపర్ ప్లేట్లు, ఒక తేలికపాటి గిన్నె చాలు. రెండు పూటలు బయట తింటే సరిపోతుంది."

"ఆంటీ, నేను బయట ఫుడ్ తినలేను" అంది హాసిని. అలవాటైన మాట చెప్పినట్టు చెప్పింది.

ఆ పిల్లకి పాలు, పల్లీలు, జీడిపప్పు పడవు. పడకపోవడమంటే దద్దుర్లు కాదు, ఊపిరాడదు. రెండుసార్లు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. పుట్టినరోజు పార్టీలకి తన డబ్బా తను తీసుకెళ్ళి ఒక పక్కన కూర్చుంటుంది. క్లాసంతా క్యాంపుకెళ్తే తను ఇంట్లో ఉండిపోయింది.

"హోటల్లో గది దొరుకుతుంది కానీ మన వంటిల్లు దొరకదు కదండీ. అక్కడి గిన్నెల్లో అంతకుముందు ఎవరేం వండారో" అంది మాధవి. "అందుకే ఈ ట్రైలర్ కొన్నాం. ఆ రోజు గాజుపెంకులు ఎత్తుతుంటే ఇది మనకి రాసిపెట్టి లేదులే అనిపించింది. ఈసారి కూడా కుదరకపోతే అమ్మేద్దామని ఈయనతో చెప్పేశాను."

నా వేళాకోళం నాకే చేదుగా అనిపించింది. మా పనిలో సొరుగుకి తగ్గట్టు సామాను తగ్గించుకోమంటాం. ఇక్కడ సామాను తగ్గదు. సొరుగే మారాలి.

వాళ్ళు ఒంటి బరువు చూసుకునే మిషన్ తెప్పించి, ఏ సొరుగులో ఏముంటుందో మాధవినే సర్దమని, ఒక్కోదాన్నీ తూచాను. బరువైనవి అడుగున, చక్రాలకి దగ్గరగా ఉండాలన్నాను. పోపుల పెట్టె మాత్రం పొయ్యి పక్కనే ఉండాలని ఆవిడ పట్టుబట్టింది. "మిక్సీ ఉండగా రోలెందుకు?" అన్నాను. "కరెంటు లేని చోట దిగితే పచ్చడి ఎలాగండీ?" అంది. రోలుని కూడా తూచాను.

పాత జిగురు గీకి, పక్క చెక్కల్ని కలప జిగురుతో మళ్ళీ అతికించి, లోపలి మూలల్లో చిన్న చెక్కదిమ్మలు పెట్టాను. అడుగుకి మందమైన ప్లైవుడ్ వేశాను. అక్కడితో ఆపితే మోసపోతాం. పెట్టె గట్టిపడితే బరువంతా స్లైడ్స్ మీద పడి, ఆ పల్చటి గోడలోంచి స్క్రూలు ఊడొస్తాయి. అందుకని క్యాబినెట్ లోపల, వెనక వైపు నేల దాకా దిగేలా క్లీట్స్ బిగించాను. క్లీట్ అంటే స్క్రూ పట్టు కోసం వేసే కర్రబద్ద. వాటికి ఎక్కువ బరువు మోసే స్లైడ్స్ బిగించి, వేలితో నొక్కితేనే విడిచే గొళ్ళేలు పెట్టాను. శ్రీధర్ టార్చ్ పట్టుకుని, "సేఫ్టీ ఫ్యాక్టర్ ఎంత తీసుకున్నారండీ, అసలు బరువుకి ఎన్ని రెట్లు ఆగుతాయి?" అని అడిగాడు. కారం డబ్బాకి సేఫ్టీ ఫ్యాక్టర్ అడిగినవాణ్ణి నేను అతన్నే చూశాను.

జిగురు ఆరాక మర్నాడు మాధవి సొరుగులన్నీ తెరిచి మూసి చూసింది. "బాగా చేశారు. కానీ ఆ రోజు కూడా బయల్దేరేటప్పుడు బాగానే ఉన్నాయి" అంది. ఆవిడ భయం న్యాయమైనదే. నడుస్తున్న ట్రైలర్‌లో మనుషులు కూర్చోకూడదు. అంచేత సామానంతా సర్ది, సొరుగుల ఎదురు గోడకి నా ఫోన్‌ని టేపుతో అంటించి, వీడియో ఆన్ చేశాను. ఊరి బయట, రేకు కప్పులా అలలు తేలిన మట్టిరోడ్డు ఒకటుంది. శ్రీధర్ దాని మీద నడిపాడు.

తిరిగొచ్చాక నలుగురం ట్రైలర్‌లోనే కూర్చుని ఆ వీడియో చూశాం. కర్టెన్లు ఊగిపోతున్నాయి, చెంచాలు మోగుతున్నాయి, సింకులో మగ్గు గెంతుతోంది. ఒక గుంత దగ్గర బొమ్మంతా ఎగిరిపడింది. సొరుగులు మాత్రం కదల్లేదు. శ్రీధర్ ముందుకి జరపబోతే మాధవి చెయ్యి పట్టుకుని ఆపింది. మొత్తం చూశాక లేచి ఒక్కో సొరుగూ తెరిచింది. ఒక డబ్బా మూత ఊడి బియ్యం ఒలికాయి, సొరుగులోనే. "మూత నేనే సరిగ్గా పెట్టలేదు" అని నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"అయితే వెళ్తున్నామా అమ్మా?" అంది హాసిని.

"దోసెలకి పప్పు ఎప్పుడు నానబెట్టాలో చూడాలి" అంది మాధవి.

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం ఫోనొచ్చింది. "అక్కా, కాన్యన్ దగ్గరే ఉన్నాం" అంది మాధవి. నేను అంతవరకూ పద్మగారినే. దోసెల వాసనకి పక్క ట్రైలర్ పిల్లలు ముగ్గురు వచ్చి నిలబడ్డారట. హాసిని వాళ్ళని తమ బల్ల దగ్గరే కూర్చోబెట్టిందట. "ప్లేటు పెట్టేముందు ఏం అడిగిందో తెలుసా అక్కా? మీకేమైనా పడనివి ఉన్నాయా అని. మొదలు అదే అడిగింది."

నేనూ అప్పట్నుంచి ఎవరింటికెళ్ళినా, విరిగినదాన్ని చూసేముందు అందులో ఏం పెట్టుకుంటారో, ఎందుకు పెట్టుకుంటారో అడుగుతున్నాను. సొరుగు ఎలా విరిగిందో విరిగిన ముక్కలే చెబుతాయి. మిగిలింది మనుషుల్ని అడగాలి.