లచ్చవ్వ కట్టలో నా బీడీలు

ఈ బరువు నాకు అలవాటైపోయింది, నెత్తి మీద గంప అలవాటైనట్టు. దింపితే మెడ నొప్పి తెలుస్తుందని భయం. చదివే మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను.

లింగంపేట దగ్గర మా ఊళ్లో, ఒకే అరుగు మీద పక్కింటి లచ్చవ్వా నేనూ బీడీలు చుట్టేవాళ్లం. ఆమె వేళ్లు తాకితే చాలు, ఆకు బీడీ అయ్యేది. నావి వదులు. తంబాకు రాలేది.

"లచ్చవ్వ చేతులు కడిగిన నీళ్లన్న తాగరాదే, జర పనొస్తది!" అనేది మా అత్త. అందరూ నవ్వేవాళ్లు. లచ్చవ్వ నవ్వేది కాదు. అది చూస్తే నాకు ఇంకా మండేది.

ఒకరోజు ఆమె బర్రెకు నీళ్లు పెట్టడానికి లేచింది. తంబాకు సరిగా నిండని నా పొల్లు బీడీలు గుప్పెడు ఆమె కట్టల్లో కలిపాను. ఆమెవి నా చాటలో వేసుకున్నాను. కంపెనీలో బీడీలు పరీక్షించే చెకర్ ఆమె కట్ట విప్పి, ఒక్కొక్కటే చిదిమి ముందు పోశాడు. "తక్కువ నింపి, మేమిచ్చిన తంబాకు ఇంట్ల దాసుకుంటున్నవా?" అన్నాడు. దొంగ అన్న పేరు పడింది. కంపెనీవాళ్లు ఆమెకు చుట్టడానికి ఆకు ఇవ్వడం మానేశారు.

ఇంటికొచ్చే తోవలో లచ్చవ్వ అడిగింది. "పక్కన్నే కూసుంటవ్ గద చెల్లె, నేనెన్నడన్న గట్ల చుట్టిన్నా?"

"నాకేమెరుకనే అక్కా."

ఇప్పుడు నాకు బీడీ పింఛను వస్తుంది. ఆనాడే పని పోయిన ఆమెకు రాదు, నడుము వంగినా నాట్లకు పోతుంది.

మొన్న ఎల్లారెడ్డిలో సంఘం మీటింగుకు వచ్చిన మేడం ఒక పద్ధతి చెప్పింది. ఇంకొకరిని చూసి మనసు మండితే పాదాలు నేలకు ఆనించి, కంటికి కనబడేవి, చేతికి తగిలేవి, ముక్కుకు తెలిసేవి ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పుకోవాలట. నాకా మంట ఇంకా పోలేదు. ఎవరింటికి కొత్త స్లాబు పడ్డా రగులుతుంది. అందుకని చేస్తాను. తగ్గుతుంది కూడా. కానీ ముక్కుకు తంబాకే తెలుస్తుంది, కంటికి ఖాళీగా ఉన్న సగం అరుగే కనబడుతుంది. ఆనాడే ఈ పద్ధతి తెలిసుంటే నా చెయ్యి ఆగేదా? లేక ఇది కూడా తప్పించుకునే మాటేనా?

వయసు మళ్లాక అక్షరాలు నేర్చుకున్నాను. లచ్చవ్వను కూడా ఆ రాత్రి బడికి పిలిచాను. పొద్దంతా కూలి చేసి వచ్చాక ఒళ్లు నిలవదంది. ఇది చదవడం ఆమెకు రాదు. అది తెలిసే రాస్తున్నాను. నా ధైర్యం ఇంతే.

ఈ పొద్దు మళ్లీ అరుగు మీద పాదాలు ఆనించాను. బండ. చాట. లచ్చవ్వ కూర్చునే చోటు. రోజూ అక్కడే ఆపేస్తాను. ఈసారి ఆపలేదు. "నేనే కలిపిన అక్కా," అని పైకే అన్నాను. ఆమె నాట్లకు పోయింది. ఎవరూ వినలేదు. కొంచెం ఊపిరాడింది.